ఫోకస్ తప్పిందా? ముందు షార్ప్‌నెస్ ఎక్కడ పడిందో వెతకండి

50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొన్న కొత్తలో చాలామందికి ఒకటే అనుమానం. కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటు వచ్చే లెన్స్) తీసినంత కాలం బాగానే వచ్చాయి, దీంతో తీస్తే కళ్ళు మెత్తగా వస్తున్నాయి, లెన్స్‌లో ఏమైనా తేడా ఉందా అని. షాపులో అడిగితే కొంచెం ప్రాక్టీస్ చేయమంటారు. యూట్యూబ్‌లో వెతికితే మైక్రో అడ్జస్ట్‌మెంట్ (కెమెరా మెనూలో ఒక అంకె పెట్టి ఫోకస్‌ను ముందుకో వెనక్కో జరపడం) చేసుకోమంటారు. రెండు సలహాలూ ఒక్కోసారి నిజమే. మీ విషయంలో ఏది నిజమో తేల్చే సాక్ష్యం మాత్రం మీరు తీసిన ఫోటోలోనే ఉంటుంది.

ఫోటోను కంప్యూటర్‌లో 100 శాతం సైజులో తెరవండి. కన్ను ఎంత బ్లర్ అయిందన్నది తర్వాత చూద్దాం. ముందు ఫ్రేమ్ మొత్తంలో ఎక్కడైనా ఏదైనా షార్ప్‌గా ఉందేమో వెతకండి. చెవి కమ్మ, భుజం మీద జరీ అంచు, ముందుకు చాచిన చెయ్యి, వెనక గోడ మీద క్యాలెండర్, ఏదో ఒకటి స్పష్టంగా కనిపిస్తే అది ఫోకస్ తప్పు. ఏదీ షార్ప్‌గా లేకుండా వెలుగు చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగి గీతల్లా ఉంటే కెమెరా కదిలింది, షట్టర్ స్పీడ్ పెంచాలి. పక్కనే అదే దూరంలో ఉన్న స్తంభం షార్ప్‌గా ఉండి మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు. ఫ్రేమంతా తెల్లగా పల్చబడి, అంచులు ఉన్నా కాంట్రాస్ట్ లేకపోతే లోపల ఫంగస్ పట్టిందేమో, ముందు పెట్టిన చవక ఫిల్టర్ పనేమో చూడాలి. ఈ నాలుగింటిలో మొదటిదే ఈ పోస్టులో మన విషయం.

షార్ప్‌గా పడిన చోటు మీరు అనుకున్న చోటు కంటే కెమెరాకు దగ్గరగా ఉంటే ఫ్రంట్ ఫోకస్, అవతల ఉంటే బ్యాక్ ఫోకస్. ఎటు తప్పింది, ప్రతిసారీ అటే తప్పుతోందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. దొరక్కముందే మెనూలోకి వెళ్ళి అంకెలు మార్చడం వల్లే మంచి లెన్సులు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటున్నాయి.

కిట్ లెన్స్ దాచిపెట్టేది ఏమిటి

ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సైజు) సెన్సార్ ఉన్న కెమెరాకు 50 ఎంఎం లెన్స్ పెట్టి మీటరున్నర దూరంలో ఉన్న మనిషిని తీస్తున్నారనుకోండి. ఎఫ్/5.6 అపర్చర్ దగ్గర (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్నం అంత పెద్దగా తెరుచుకున్నట్టు) డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే షార్ప్‌గా కనిపించే లోతు, మొత్తం 19 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎఫ్/1.8 దగ్గర అది 6 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. అంటే ఫోకస్ పడిన గీతకు ముందు 3, వెనక 3. కనుపాప మీద పడాల్సింది చెవి మీద పడితే ఎఫ్/5.6 దగ్గర దాదాపు సర్దుకుపోతుంది, ఎఫ్/1.8 దగ్గర ఫోటో పోతుంది. కిట్ లెన్స్‌తోనూ కెమెరా అదే తప్పు చేస్తూ ఉండొచ్చు, మీకు కనపడలేదంతే.

పైగా ఈ లెక్క 0.02 ఎంఎం బ్లర్ చుక్కను షార్ప్ అని ఒప్పుకుని వేసింది. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సార్ మీద ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్ల లోపే ఉంటుంది. 0.02 ఎంఎం అంటే ఐదు పిక్సెళ్ళ వెడల్పు. 100 శాతంలో తెరిచి చూసే కంటికి అది షార్ప్‌గా అనిపించదు. అందుకే లెక్క ప్రకారం 6 సెంటీమీటర్లు అన్నా, మీకు నిజంగా నచ్చే షార్ప్‌నెస్ దొరికేది అందులో చిన్న ముక్కలోనే.

ఇంకో మాట. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ముందు మూడో వంతు, వెనక రెండు వంతులు ఉంటుందని చెబుతుంటారు. మీటరు, రెండు మీటర్ల పోర్ట్రెయిట్ దూరంలో అది తప్పు. అక్కడ ముందూ వెనకా దాదాపు సమానం. ఇది గుర్తుంచుకోకపోతే కింద చెప్పే టెస్టులో సరిగ్గా ఉన్న లెన్స్‌ను కూడా ఫ్రంట్ ఫోకస్ అనుకుంటారు.

డీఎస్ఎల్ఆర్ లోపల తప్పు ఎలా పుడుతుంది

డీఎస్ఎల్ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో, ఫోటో పడేది ఒక చోట, ఫోకస్ కొలిచేది ఇంకో చోట. లెన్స్ నుంచి వచ్చిన వెలుగులో ఎక్కువ భాగాన్ని పెద్ద అద్దం వ్యూఫైండర్ వైపు పంపుతుంది. ఆ అద్దం మధ్యభాగం కొంత వెలుగును లోపలికి వదులుతుంది. దాని వెనక ఉన్న చిన్న అద్దం ఆ వెలుగును కిందికి వంచి, మిర్రర్ బాక్స్ అడుగున ఉన్న ఏఎఫ్ (ఆటోఫోకస్) సెన్సార్ మీద పడేస్తుంది. లెన్స్ మౌంట్ నుంచి ఇమేజ్ సెన్సార్‌కు ఎంత దూరమో, చిన్న అద్దం మీదుగా ఏఎఫ్ సెన్సార్‌కు చేరే దారి కూడా లెక్కకు అంతే ఉండాలి. కానన్ ఈఎఫ్ మౌంట్‌లో మౌంట్ నుంచి సెన్సార్‌కు దూరం 44 ఎంఎం, నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5 ఎంఎం.

ఇందులో ఎంత తేడాను సహించవచ్చు? ఎఫ్/1.8 దగ్గర సెన్సార్ వైపున ఉన్న వెసులుబాటు 1.8ను 0.02తో గుణిస్తే వచ్చేదే. అటు 0.036, ఇటు 0.036 ఎంఎం. తల వెంట్రుక మందంలో సగం అనుకోండి. చిన్న అద్దం ఆగే పిన్ను కాస్త అరిగినా, కెమెరా ఒకసారి కిందపడి మౌంట్ ఒక పక్కకు నొక్కుకున్నా ఆ హద్దు దాటిపోతుంది. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకు తిరిగిన సెకండ్ హ్యాండ్ బాడీల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. షట్టర్ పడిన ప్రతిసారీ ఆ రెండు అద్దాలూ లేచి కిందికి కొట్టుకుంటాయి.

లెన్స్ వైపు కూడా కారణాలున్నాయి. ఫేజ్ డిటెక్షన్ పద్ధతిలో ఏఎఫ్ సెన్సార్ లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చిన వెలుగును పోల్చి, ఎటు, ఎంత తప్పిందో లెక్కకడుతుంది. ఆ లెక్క ప్రకారం మోటారును ఇంత తిరగమంటుంది. మోటారు గేర్లలో సందు ఉంటే దూరం నుంచి దగ్గరకు వచ్చినప్పుడు ఒకచోట, దగ్గర నుంచి దూరానికి వెళ్ళినప్పుడు ఇంకోచోట ఆగుతుంది. దీనికి తోడు ఎక్కువ ఏఎఫ్ పాయింట్లు చూసేది ఎఫ్/5.6 వెడల్పులోని వెలుగునే. మధ్య పాయింటు మంచిదైతే ఎఫ్/2.8 దాకా చూస్తుంది. ఎఫ్/1.4 లెన్స్ బయటి అంచు నుంచి వచ్చే వెలుగును అది చూడనే చూడదు. ఆ తేడాకు తగిన సవరణ లెన్స్, కెమెరా ఒకదానికొకటి చెప్పుకునే సమాచారంలో ఉంటుంది. సొంత కంపెనీ లెన్సుల కంటే వేరే కంపెనీ లెన్సుల్లో తేడా ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

రంగు అంచులు చెప్పే రహస్యం

టెస్ట్ చార్టు లేకుండా, తీసేసిన ఫోటోలోనే ఫోకస్ ఎటు తప్పిందో చెప్పే గుర్తు ఒకటుంది. ఎఫ్/1.8, ఎఫ్/1.4 లాంటి లెన్సుల్లో పూర్తి అపర్చర్ దగ్గర ఎర్ర, ఆకుపచ్చ, నీలి వెలుగులు ఒకే లోతులో కలవవు. అందువల్ల ఫోకస్ గీతకు ఇవతల ఉన్న వస్తువుల అంచులకు వంకాయ రంగు, గులాబీ రంగు ఛాయ అంటుతుంది. గీతకు అవతల ఉన్న వాటికి లేత ఆకుపచ్చ ఛాయ అంటుతుంది.

దీన్ని ఎలా వాడాలో చూడండి. పెళ్ళికూతురు ముఖం దగ్గరగా తీశారు, కన్ను మెత్తగా వచ్చింది. కనురెప్ప వెంట్రుకల మీద, కంట్లో పడిన వెలుగు చుక్క చుట్టూ 200 శాతం జూమ్ చేసి చూడండి. అంచు ఊదాగా ఉంటే కన్ను ఫోకస్ గీతకు ఇవతల ఉందన్నమాట. షార్ప్‌నెస్ వెనక్కి పోయింది, బ్యాక్ ఫోకస్. అంచు పచ్చగా ఉంటే కన్ను గీతకు అవతల ఉంది. షార్ప్‌నెస్ ముందే ఆగిపోయింది, ఫ్రంట్ ఫోకస్. తెల్ల చొక్కా గుండీలు, వెండి కుంకుమ భరిణె, నల్ల పలక మీద తెల్ల అక్షరాలు, ఇలాంటి గట్టి కాంట్రాస్ట్ ఉన్న చోట ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రా ఫైల్‌లో (సెన్సార్ ఇచ్చినది మార్చకుండా దాచే ఫైల్) చూడండి. కెమెరా తయారుచేసిన జేపెగ్‌లోనూ, లెన్స్ కరెక్షన్ పెట్టిన ఫైల్‌లోనూ ఈ రంగులు చెరిపేసి ఉండొచ్చు. బాగా సరిదిద్దిన ఖరీదైన లెన్సుల్లో ఈ ఛాయ తక్కువగా ఉంటుంది, కానీ మామూలు 50, 85 ఎంఎం లెన్సుల్లో దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

పాత ఫోటోలు ఒక ఇరవై ముప్పై తీసుకుని ఇలా చూస్తూ పోతే అన్నీ ఒకే వైపు తప్పుతున్నాయా, అటూ ఇటూ తప్పుతున్నాయా అన్నది తెలిసిపోతుంది. ఒకే వైపు అయితేనే కింది టెస్టు.

టెస్టు ఎలా చేయాలి

అందరూ చేసే తప్పు ముందు చెబుతాను. టేబుల్ మీద స్కేలు పెట్టి, 45 డిగ్రీల్లో కెమెరా వంచి, 15 దగ్గర ఫోకస్ చేసి, 14 షార్ప్‌గా ఉంది కాబట్టి ఫ్రంట్ ఫోకస్ అని తీర్మానించేస్తారు. వ్యూఫైండర్‌లో కనిపించే ఏఎఫ్ డబ్బా కంటే అసలు సెన్సార్ పెద్దది. ఏటవాలు స్కేలు మీద అది 13 నుంచి 17 దాకా అన్నీ చూస్తుంది, అందులో దేన్ని పట్టుకుందో మీకు తెలియదు. ఫోకస్ చేసే టార్గెట్ నిటారుగా, కెమెరాకు సమాంతరంగా, ఏఎఫ్ డబ్బా కంటే రెండు మూడింతలు పెద్దగా ఉండాలి. స్కేలు దాని పక్కన ఏటవాలుగా పెట్టి, దాని మీద ఒక అంకె టార్గెట్‌తో సరిగ్గా ఒకే లోతులో వచ్చేలా చూసుకోవాలి. బియ్యం డబ్బానో పుస్తకం అట్టపెట్టెనో నిలబెట్టి, దానికి నల్ల గడుల కాగితం అంటించి, పక్కన స్కేలు ఆనిస్తే చాలు.

కెమెరా ట్రైపాడ్ మీద ఉండాలి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఆపేయండి. దూరం ఫోకల్ లెంగ్త్‌కు 25 నుంచి 50 రెట్లు: 50 ఎంఎంకు 1.25 నుంచి 2.5 మీటర్లు, 85 ఎంఎంకు 2 నుంచి 4 మీటర్లు. మీరు రోజూ తీసే దూరం ఈ మధ్యలో ఉంటే ఆ దూరంలోనే పెట్టండి. వెలుగు పగటి వెలుగు అయితే మేలు. పసుపు బల్బు వెలుగులో, పగటి వెలుగులో ఏఎఫ్ ఒకే చోట ఆగదు. రాత్రి ఫంక్షన్ హాళ్ళలోనే ఎక్కువ తీసేవారు ఆ రకం వెలుగులో కూడా ఒకసారి చూసుకోవాలి. మినుకుమనే చవక ఎల్ఈడీల కింద మాత్రం టెస్టు వద్దు.

పూర్తి అపర్చర్, సింగిల్ షాట్ ఏఎఫ్, మధ్య పాయింటు. రెండు సెకన్ల టైమరు పెట్టండి. చేత్తో ఫోకస్ రింగును పూర్తిగా దూరం వైపు తిప్పి, ఆటోఫోకస్ చేసి ఒక ఫోటో. అలా ఐదు. తర్వాత రింగును పూర్తిగా దగ్గర వైపు తిప్పి ఇంకో ఐదు. చివరగా లైవ్ వ్యూ (వెనక స్క్రీన్‌లో చూస్తూ తీసే పద్ధతి) ఆన్ చేసి, 10 రెట్లు జూమ్ చేసి, టార్గెట్ మీద ఫోకస్ చేసి మూడు ఫోటోలు. లైవ్ వ్యూలో ఫోకస్ కొలిచేది ఇమేజ్ సెన్సారే కాబట్టి అద్దాల తప్పు అందులోకి రాదు. ఆ మూడే మీకు కొలబద్ద. లెన్స్ ఇవ్వగలిగిన షార్ప్‌నెస్ అదే, దానికి మించి ఏ సెట్టింగూ ఇవ్వలేదు. ఆ మూడూ మెత్తగానే ఉంటే సమస్య ఏఎఫ్‌లో లేదు, లెన్స్‌లో ఉంది.

పది ఫోటోలను ఆ మూడింటితో పోల్చండి. పదీ దాదాపు ఒకే చోట, ఒకే వైపు తప్పితే ఫైన్ ట్యూన్‌తో (మొదట్లో చెప్పిన మైక్రో అడ్జస్ట్‌మెంటే ఇది) సరిచేయవచ్చు. దూరం నుంచి వచ్చిన ఐదూ ఒకచోట, దగ్గర నుంచి వచ్చిన ఐదూ ఇంకోచోట ఉంటే మోటారులో సందు ఉంది. కొన్ని ముందు, కొన్ని వెనక చెల్లాచెదురుగా ఉంటే ఏ అంకె పెట్టినా లాభం లేదు. సగటు సున్నా దగ్గరే ఉంటుంది, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. ఇలాంటి లెన్స్‌కు ఎవరైనా ప్లస్ 7 పెట్టి బాగైందని చెబితే వారు తీసింది ఒకటి రెండు ఫోటోలే అయి ఉంటాయి.

ఫైన్ ట్యూన్

కానన్‌లో దీన్ని ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్ అంటారు. బాడీని బట్టి కస్టమ్ ఫంక్షన్లలోనో ఏఎఫ్ మెనూలోనో ఉంటుంది. నికాన్‌లో సెటప్ మెనూలో ఏఎఫ్ ఫైన్-ట్యూన్. రెండింటిలోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా. ప్లస్ అంటే ఫోకస్ కెమెరాకు దూరంగా జరుగుతుంది, మైనస్ అంటే దగ్గరకు వస్తుంది. ఫ్రంట్ ఫోకస్‌కు ప్లస్, బ్యాక్ ఫోకస్‌కు మైనస్. ఒక మెట్టు ఎంత జరుపుతుందన్నది లెన్స్ గరిష్ఠ అపర్చర్‌ను బట్టి మారుతుంది కాబట్టి స్నేహితుడి లెన్స్‌కు పనికొచ్చిన అంకెను తెచ్చి మీ లెన్స్‌కు పెట్టకండి.

మైనస్ 10, మైనస్ 5, 0, ప్లస్ 5, ప్లస్ 10 దగ్గర నాలుగేసి ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోకు ముందు ఫోకస్ రింగు తిప్పి చెడగొట్టడం మరవద్దు, లేకపోతే మోటారు కదలకుండానే సరే అనేస్తుంది. ఏ రెండు అంకెల మధ్య బాగుందో చూసి, ఆ మధ్యలో రెండేసి మెట్లతో మళ్ళీ తీయండి. 3కూ 4కూ తేడా కనిపించకపోతే అక్కడితో ఆపేయండి. అంతకంటే సన్నగా కొలిచే శక్తి ఆ ఏఎఫ్‌కే లేదు. ప్లస్ 15, మైనస్ 15 దాటితే తప్ప సరికావడం లేదంటే సర్వీస్‌కు ఇవ్వడమే మంచిది.

ఈ అంకె అన్ని దూరాలకూ, అన్ని పాయింట్లకూ ఒకటే. లెన్స్ తప్పు మాత్రం దూరాన్ని బట్టి మారొచ్చు. రెండు మీటర్ల దగ్గర సరిచేసినది పది మీటర్ల దగ్గర చెడుతోందేమో కూడా ఒకసారి చూడాలి. జూమ్‌లకు ఇంకో చిక్కు: 24 ఎంఎం దగ్గర ఒకలా, 70 దగ్గర ఒకలా తప్పుతాయి. కానన్ 5డీ మార్క్ 3 లాంటి బాడీల్లో వైడ్‌కూ టెలీకీ విడిగా అంకె పెట్టొచ్చు. ఆ వీలు లేని బాడీలో మీరు ఎక్కువగా వాడే కొస దగ్గర సరిచేసుకోవాలి. సిగ్మా యూఎస్‌బీ డాక్, టామ్రాన్ ట్యాప్-ఇన్ కన్సోల్ (ఆ కంపెనీల లెన్సులను కంప్యూటర్‌కు కలిపే పరికరాలు) ఇందులో చాలా మేలు. అవి సవరణను లెన్స్‌లోనే రాస్తాయి, వేర్వేరు దూరాలకు వేర్వేరు అంకెలు ఇవ్వొచ్చు. సిగ్మా జూమ్‌కైతే నాలుగు ఫోకల్ లెంగ్త్‌లు, ఒక్కోదానికి నాలుగు దూరాలు, మొత్తం 16 అంకెలు. ఓపిక ఉంటే ఫలితం ఉంటుంది. నికాన్ డీ5, డీ500 నుంచి లైవ్ వ్యూలో కెమెరానే పోల్చుకుని అంకె పెట్టే ఏర్పాటు వచ్చింది. దాన్ని ఒకసారి కాకుండా ఏడెనిమిది సార్లు నడిపి, మధ్యస్థంగా వచ్చిన అంకె తీసుకోండి.

మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్న కానన్ 1500డీ, 200డీ, నికాన్ డీ3500, డీ5600లలో ఈ మెనూనే లేదు. వారికి మిగిలిన దారులు మూడు. కదలని సబ్జెక్టుకు లైవ్ వ్యూ వాడటం. 200డీలో సెన్సార్ మీదే డ్యూయల్ పిక్సెల్ ఏఎఫ్ ఉంది కాబట్టి పోర్ట్రెయిట్‌కు లైవ్ వ్యూ హాయిగా పనికొస్తుంది. తప్పు చిన్నదైతే అపర్చర్‌ను ఎఫ్/2.8కు మూయడం. పెద్దదైతే బాడీ, లెన్స్ రెండూ కలిపి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వడం. మిర్రర్ బాక్స్ లోపలి గోడకు ఉండే చిన్న హెక్స్ స్క్రూ తిప్పితే సరిపోతుందని చూపించే వీడియోలున్నాయి. దాని జోలికి పోవద్దు. అది అద్దం ఆగే చోటును మారుస్తుంది, ఒక లెన్స్ కోసం తిప్పితే మీ దగ్గరున్న అన్ని లెన్సులూ తప్పుతాయి, మళ్ళీ మొదటి చోటుకు తేవడానికి గుర్తు కూడా ఉండదు.

మెనూతో పోని తప్పులు

బ్యాక్ ఫోకస్ అనిపించే వాటిలో చాలావాటికి బాడీతో సంబంధం ఉండదు. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఫోకస్ చేసి ఫ్రేమ్ తిప్పడం. మధ్య పాయింటుతో కన్ను మీద ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కి పట్టుకుని, కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేమ్ కట్టుకుంటాం. ఫోకస్ పడేది కెమెరాకు సమాంతరంగా ఉన్న ఒక పలక మీద. కెమెరా తిప్పగానే ఆ పలకా తిరుగుతుంది, కన్ను దానికి ఇవతల పడుతుంది. మీటరున్నర దూరంలో 10 డిగ్రీలు తిప్పితే తేడా 2.3 సెంటీమీటర్లు. 15 డిగ్రీలు తిప్పితే 5 సెంటీమీటర్లు. పైన చెప్పిన ఏపీఎస్-సీ లెక్కలో వెనక్కీ ముందుకూ మనకున్నది మూడేసి సెంటీమీటర్లే. మెనూలో మైనస్ పెట్టి దీన్ని కప్పిపుచ్చితే మధ్యలో పెట్టి తీసిన ఫోటోలన్నీ ఫ్రంట్ ఫోకస్ అవుతాయి. కంటికి దగ్గరలో ఉన్న పాయింటును ఎంచుకుని, తిప్పాల్సింది రెండు మూడు డిగ్రీలకు మించకుండా చూసుకోవాలి.

రెండోది ఫోకస్ షిఫ్ట్. కెమెరా ఫోకస్ చేసేటప్పుడు అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంటుంది, ఫోటో తీసే క్షణంలో మీరు పెట్టిన ఎఫ్/2.8కో ఎఫ్/4కో మూసుకుంటుంది. స్ఫెరికల్ అబరేషన్ మిగిలి ఉన్న లెన్సుల్లో అంచు వెలుగు ఒక లోతులో, నడిమి వెలుగు ఇంకో లోతులో కలుస్తాయి. అపర్చర్ మూసుకోగానే అంచు వెలుగు ఆగిపోతుంది, ఫోకస్ వెనక్కి జరుగుతుంది. కానన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.2ఎల్ దగ్గరి దూరాల్లో దీనికి పేరుపడ్డ లెన్స్. గుర్తు పట్టడం తేలిక: ఎఫ్/1.8 దగ్గర సరిగ్గా ఉండి, ఎఫ్/2.8 దగ్గర వెనక్కి పోయి, ఎఫ్/5.6కు వచ్చేసరికి డెప్త్ పెరిగి మళ్ళీ బాగైపోతే అది ఫోకస్ షిఫ్టే. మీరు ఎక్కువగా వాడే అపర్చర్ ఏదో ఒక్కటి నిర్ణయించుకుని దానికి సరిచేసుకోవచ్చు, లేదా లైవ్ వ్యూలో అపర్చర్ మూసి ఉంచి చేత్తో ఫోకస్ చేయాలి.

మూడోది పాయింటు దేన్ని పట్టుకుందన్నది. ఏఎఫ్ డబ్బాలో దగ్గరగా, గట్టి కాంట్రాస్ట్‌తో ఏది ఉంటే సెన్సార్ అటే మొగ్గుతుంది. పెళ్ళికూతురిని ఎదురుగా తీస్తే కన్ను కంటే బాసికం, పాపిటబిళ్ళ కెమెరాకు దగ్గరగా ఉండి మెరుస్తుంటాయి. ముఖం ఫ్రేమ్‌లో చిన్నగా ఉన్నప్పుడు డబ్బా ముఖం మొత్తాన్ని కమ్మేస్తుంది, ఫోకస్ వాటి మీద ఆగుతుంది. డీ3500లో 11 పాయింట్లు, 1500డీలో 9 పాయింట్లు ఉన్నా క్రాస్ టైప్ ఉన్నది నడిమిది ఒక్కటే. మిగతావి ఒకే దిక్కు గీతలను పట్టగలవు. అడ్డంగా సాగే జరీ అంచు మీద పక్క పాయింటు పెడితే తడబడటానికి అది చాలు. కెమెరాను నిలువుకు తిప్పి ఫోకస్ చేస్తే అదే పాయింటు పట్టుకుంటుంది. కిటికీ ఊచలు, గళ్ళ చొక్కాల లాంటి ఒకే రకం గీతలు వరసగా ఉన్నచోట ఫేజ్ డిటెక్షన్ ఒక గీతను పక్క గీతగా పొరబడుతుంది. అక్కడ గళ్ళ అంచునో, కాలరునో పట్టుకోవాలి.

కంటిన్యూయస్ ఏఎఫ్‌లో ఇంకోటి చూసుకోండి. నికాన్‌లో ఏఎఫ్-సీ ప్రయారిటీ మొదట్లో రిలీజ్ మీద ఉంటుంది. అంటే ఫోకస్ కుదిరినా కుదరకపోయినా బటన్ నొక్కగానే ఫోటో పడిపోతుంది. దాన్ని ఫోకస్‌కు మారిస్తే ఫోటోల సంఖ్య తగ్గుతుంది, పనికొచ్చేవి పెరుగుతాయి. తలంబ్రాల లాంటి క్షణాలకు మాత్రం రిలీజ్ మీదే ఉంచడం మంచిది. అక్కడ కాస్త మెత్తటి ఫోటో అయినా ఉండటమే ముఖ్యం.

ఒక మూలే మెత్తగా ఉంటే

నడిమి భాగం బాగుండి ఒక పక్కో, ఒక మూలో మాత్రమే ఎప్పుడూ మెత్తగా వస్తుంటే లోపల ఏదో గాజు వంగి ఉంది, లేదా పక్కకు జరిగి ఉంది. ఇటుక గోడను తీసి చూడమంటారు కానీ గోడకు కెమెరా సమాంతరంగా పెట్టడమే కష్టం. దూరంగా, 200 మీటర్ల పైన ఉన్న వాటర్ ట్యాంకు మీద నిచ్చెనో, సెల్ టవరో చూసుకోండి. దాన్ని నడిమిన పెట్టి లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, రింగు ముట్టుకోకుండా అదే వస్తువు నాలుగు మూలలకూ వచ్చేలా కెమెరా తిప్పి నాలుగు ఫోటోలు తీయండి. నాలుగూ ఒకేలా మెత్తబడితే అది ఆ లెన్స్ స్వభావం, ఫీల్డ్ కర్వేచర్ (ఫోకస్ పడే పలక వంపు తిరిగి ఉండటం) కావచ్చు. ఒకటే బాగా చెడితే, ఆ మూలలో వస్తువును ఉంచి లైవ్ వ్యూలో అక్కడే మళ్ళీ ఫోకస్ చేయండి. షార్ప్‌గా మారితే గాజో మౌంటో వంగింది. ఎంత తిప్పినా తేటపడకపోతే గాజు పక్కకు జరిగింది. రెండూ సర్వీస్ పనులే, రెండోది ఖర్చుతో కూడుకున్నది. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేముందు షాపు బయట ఐదు నిమిషాల్లో చేయగలిగిన పరీక్ష ఇది.

మిర్రర్‌లెస్‌లో

ఈ కెమెరాల్లో అద్దం ఉండదు, కొలిచేదీ, ఫోటో పడేదీ ఒకే సెన్సార్ కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు తప్పే జబ్బు మిర్రర్‌లెస్‌లో దాదాపు లేదు. నికాన్ జడ్ బాడీలు ఎఫ్/5.6 దాకా మీరు పెట్టిన అపర్చర్ దగ్గరే ఫోకస్ చేస్తాయి, అందువల్ల ఫోకస్ షిఫ్ట్ బాధ కూడా తగ్గుతుంది. మిగిలేవి పట్టుకునే తప్పులు: కళ్ళజోడు ఫ్రేమ్ మీద, కనురెప్ప వెంట్రుకల కొస మీద, అవతలి కన్ను మీద ఆగడం. పాత లెన్సులకు అడాప్టర్ పెట్టేవారు దాని మందం చూసుకోవాలి. సోనీ ఈ మౌంట్‌లో మౌంట్ నుంచి సెన్సార్‌కు 18 ఎంఎం. నికాన్ ఎఫ్ లెన్స్ పెట్టాలంటే అడాప్టర్ 28.5 ఎంఎం ఉండాలి. కాస్త మందమైతే ఇన్ఫినిటీ (అనంత దూరం) అందదు. అందుకే చాలామంది తయారీదారులు కాస్త పల్చగా చేస్తారు, అప్పుడు ఇన్ఫినిటీ గుర్తుకు ముందే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది.

అసలు ఆటోఫోకస్ లెన్సులు చాలావరకు ఇన్ఫినిటీ దాటి తిరుగుతాయి. ఎండకూ చలికీ లోహం, గాజు వ్యాకోచించినప్పుడు సర్దుకోవడానికి వదిలిన వెసులుబాటు అది. రాత్రి నక్షత్రాలు తీసేటప్పుడు రింగును చివరిదాకా తిప్పితే అన్నీ ఉబ్బిన చుక్కలే వస్తాయి. లైవ్ వ్యూలో ప్రకాశవంతమైన నక్షత్రాన్ని 10 రెట్లు పెంచి, అతి చిన్న చుక్కగా మారేదాకా తిప్పి, రింగుకు టేపు అంటించండి.

పక్షుల ఫోటోలు తీసేవారికి ఒక మాట. కొల్లేరులోనో ఉప్పలపాడులోనో 400, 600 ఎంఎంతో నీళ్ళ మీదుగా తీసినవి వరసగా మెత్తగా వస్తుంటే లెన్స్‌ను అనుమానించే ముందు గాలిని చూడండి. వేడెక్కిన నేల, తారు రోడ్డు మీదనే కాదు, చలికాలం పొద్దున గాలి కంటే నీళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు కూడా గాలి పొరలు అల్లాడుతుంటాయి. లైవ్ వ్యూలో జూమ్ చేస్తే పక్షి అంచు అలల్లా కదలడం కనిపిస్తుంది. వరసగా తీసిన పది ఫోటోల్లో ఒకటి షార్ప్‌గా, తర్వాతది వంకరగా వస్తే అది గాలి పనే. ఏసీ వేసిన కారు కిటికీలోంచి తీసినా ఇదే జరుగుతుంది, లోపలి చల్లగాలి బయటి వేడిగాలి లెన్స్ ముందే కలుస్తాయి. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, పది నిమిషాలు ఆగాక తీయండి. అలాంటి వేళ ఫైన్ ట్యూన్ మాత్రం చేయకండి.

సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు బాడీ, లెన్స్ రెండూ ఇవ్వండి. ఫైన్ ట్యూన్ ఆఫ్ చేసి తీసిన పది టెస్ట్ ఫోటోలు, లైవ్ వ్యూలో తీసిన మూడూ మార్చకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. దూరం, అపర్చర్, ఎటు తప్పింది, సుమారు ఎన్ని సెంటీమీటర్లు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. ఫోకస్ సరిగ్గా లేదు అని ఒక్క ముక్క రాసిస్తే, వాళ్ళ చార్టు మీద అంతా సరిగ్గానే ఉందని తిరిగి వచ్చేస్తుంది. తిరిగి వచ్చాక బాడీలో ఆ లెన్స్‌కు పాత అంకె మిగిలి ఉందేమో చూసి సున్నా చేసి, అదే టార్గెట్‌తో అదే దూరంలో మళ్ళీ పది ఫోటోలు తీయండి. లోపల సరిచేసిన లెన్స్‌కు పాత మైనస్ 12 అలాగే ఉండిపోతే బాగైన లెన్స్ ఈసారి ఫ్రంట్ ఫోకస్ చూపిస్తుంది.